అవతలి గట్టు కేక

లాకు ఒక్కడితో నడిచేది కాదు. కాలువకి ఈ గట్టున ఒకడు, ఆ గట్టున ఒకడు ఉండాలి. మధ్యలో రాతితో కట్టిన తొట్టి, దానికి ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత. పడవ తొట్టిలోకి వచ్చాక ఎగువ తలుపులు మూసి, దిగువ తలుపుల అడుగున ఉన్న తూములు ఎత్తితే నీళ్ళు దిగుతాయి, నీళ్ళతో పాటు పడవా దిగుతుంది. రెండు గట్ల తూములూ ఒక్కసారే లేవాలి. ఒకటి ముందు లేచిందంటే నీళ్ళు ఒక పక్కకి లాగి పడవని గోడకేసి కొడతాయి. అందుకని తూర్పు గట్టు నుంచి రాముడు "ఎత్తనా?" అని కేక వేస్తాడు. పడమటి గట్టు నుంచి పల్లంరాజు "ఎత్తు" అంటాడు. అప్పుడు ఇద్దరూ ఇనప చక్రాలు తిప్పుతారు. కేక లేనిదే చెయ్యి కదలకూడదు. ఇది దొరలు పెట్టిన రూలు కాదు. ధవళేశ్వరం ఆనకట్టకి మట్టి మోసి, ఆ తర్వాత లాకుల తలుపులు నడిపే లస్కర్లుగా కుదురుకున్న వీళ్ళ తండ్రులు పెట్టుకున్న కట్టు.

ఆ తండ్రుల తర్వాత ఆ చక్రాలు వీళ్ళ చేతికి వచ్చాయి. రాముడు మాట తక్కువ మనిషి. పల్లంరాజుకి నోరు ఊరుకోదు. సరంగులతో వేళాకోళాలు, పడవల్లో వెళ్ళే ఆడవాళ్ళతో వరసలు కలపడం, రాముడి భార్య మహాలక్ష్మమ్మ పులుసు పెడితే వాసన పట్టి తలుపుల మీది పలక దాటి రావడం. "వదినా, కాస్త ఉప్పు తగ్గినట్టుందే" అంటూనే గిన్నె ఊడ్చేసేవాడు. అయినా ఇద్దరి మధ్యా రోజంతా నడిచేది ఆ రెండు మాటలే. ఎత్తనా, ఎత్తు. జీవితమంతా అంతకంటే ఎక్కువ మాట్లాడుకోకపోయినా ఒకరినొకరు నమ్ముకున్న మనుషులు ఎంతమంది ఉంటారు చెప్పండి.

ఏటా ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువ కట్టేస్తారు. ఆ ఏడూ కట్టేశారు. నీళ్ళు ఇంకిపోయి అడుగున బురద నెర్రెలిచ్చింది. తాపీవాళ్ళు తొట్టిలోకి దిగి గోడలకి సున్నం పెడుతున్నారు. మిట్టమధ్యాహ్నం పల్లంరాజు ఎండలో చక్రం పట్టుకుని నిలబడి, "ఎత్తు" అన్నాడు.

తాపీవాళ్ళు నవ్వారు. తూర్పు గట్టున నీడలో కూర్చున్న రాముడూ నవ్వాడు.

"ఏంట్రా, ఎవరు పిలిచారు నిన్ను?"

"నువ్వే కదరా."

వేళాకోళం వాడికి అలవాటే కాబట్టి రాముడు ఆ సంగతి అక్కడే వదిలేశాడు. కాని మర్నాడూ అదే మాట వినపడింది. ఆ పై వారం పల్లంరాజు చుక్క నీరు లేని కాలువలో తూము ఎత్తేసి, చెమటలు కారుస్తూ నిలబడి, పడవ ఏదీ అని అటూ ఇటూ చూశాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

జూన్‌లో నీళ్ళు వదిలారు. పడవలు వచ్చాయి. పల్లంరాజు కొన్నాళ్ళు బంగారంలా పనిచేశాడు. అదే వచ్చిన చిక్కు. పూర్తిగా పిచ్చివాడైతే ఆ బాధ వేరు. వీడు సోమవారం మామూలుగా ఉంటాడు, మంగళవారం భార్య పాపాయమ్మ వండిన అన్నం కుండతో సహా తెచ్చి కాలువలో పారబోస్తాడు. ఎందుకురా అంటే అవతల ఎవరో ఆకలని కేక వేశారంటాడు. బుధవారం ఆ సంగతి తలుచుకుని సిగ్గుపడి, కొత్త కుండ తెచ్చి, పెళ్ళాం ఎదుట కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. గురువారం కొబ్బరికాయల పడవని తొట్టిలో ఆపేసి, కాయల కింద ఎవరో మూలుగుతున్నారు, దింపితే గాని వదలనని కూర్చుంటాడు. ఆ కాయలన్నీ గట్టుకి దింపి మళ్ళీ ఎక్కించింది ఎవరనుకున్నారు? రాముడే. సరంగు తిట్టిన తిట్లకి మూడు తరాలు పైకి లేచి కూర్చున్నాయి. రాముడు తల వంచుకుని కాయలు మోశాడు.

మందులు చెప్పేవాళ్ళకి కరువేముంది? ఎండదెబ్బ అన్నారు కొందరు. వెనక ఎప్పుడో లాకులో పడి చచ్చిన పడవవాడు పట్టాడన్నారు ఇంకొందరు. కల్లు మానమన్నారు, మానేశాడు. పాపాయమ్మ అతని మొలకి తాయెత్తు కట్టించింది, అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకుంది. ఒకాయన వేపమండలతో కొట్టించమని సలహా ఇచ్చాడు. రాముడు ఆయన్ని కొట్టినంత పని చేశాడు.

ఇంట్లో మహాలక్ష్మమ్మ ఊరుకోలేదు.

"ఆయన మీద నాకూ జాలి ఉందండి. కాని ఆ చక్రం పట్టుకోడానికి ఆయన పనికిరాడు. ఓవర్సీరు గారికి చెప్పేయండి."

"చెప్తే ఏం చేస్తారో తెలుసా? పని తీసేస్తారు. పని పోతే ఆ ఇల్లూ పోతుంది. వీడిని విశాఖపట్నం పిచ్చాసుపత్రికి పంపేస్తారు."

"రేపు ఎవరైనా చస్తే?"

 ఆవిడ చెప్పింది నిజమేనని రాముడికి తెలుసు. కోపం వస్తే అన్నం దగ్గర నుంచి లేచిపోయే అలవాటు అతనికి ఉంది. ఆ పూట లేచిపోయాడు.

లేచి వెళ్ళి పడమటి గట్టున పల్లంరాజు పక్కన గోడ మీద కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. పల్లంరాజు ఆ రోజు బాగున్నాడు. వల బాగు చేసుకుంటూ, తల ఎత్తకుండానే తనంతట తాను చెప్పాడు.

"నువ్వు పిలవకపోయినా నాకు వినపడుతోందిరా."

"ఏం వినపడుతోంది?"

"ఎత్తనా అని. అచ్చం నీ గొంతే. ఇంకో గొంతయితే పోరా అనేవాణ్ణి. నీ గొంతయ్యేసరికి నా చెయ్యి ఆగదు."

 తన నోటి మాట తనకి తెలియకుండా ఇంకొకడి తలలో తిరుగుతోందంటే ఎవరికి మాత్రం భయం వేయదు? రాముడు తల మీది ఎర్రగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదిగో. ఇకమీదట నేను పిలిచినప్పుడల్లా ఈ గుడ్డ ఊపుతాను. గుడ్డ కనపడితే నేను పిలిచినట్టు. కనపడకపోతే ఏం వినపడినా అది నేను కాదు. నమ్ముతావా?"

"నువ్వు చెప్తే ఎందుకు నమ్మను?"

"నీతో ఎప్పుడైనా అబద్ధమాడానా?"

"లేదు" అన్నాడు పల్లంరాజు. "నాకు ఇప్పుడు మిగిలింది అదొక్కటేరా. నా చెవుల్ని నేను నమ్మను. నిన్ను నమ్ముతాను. నన్ను మాత్రం ఎక్కడికీ పంపకు."

"పంపను" అన్నాడు రాముడు.

ఆ ఉపాయం పారింది. మందులకీ మొక్కులకీ లొంగని మనిషిని ఒక గుడ్డపీలిక నిలబెట్టింది. చక్రం మీద చెయ్యి వేసి, ముఖం చిట్లించి, ఏదో వింటున్నట్టు తల వాల్చి, మళ్ళీ తూర్పు గట్టు కేసి చూసేవాడు. ఎర్రగుడ్డ లేకపోతే చెయ్యి తీసేసేవాడు. ఒక్కోరోజు అలా ఎన్నిసార్లు తీసేవాడో, లోపల ఎంత పెనుగులాడేవాడో, రాముడికి ఇవతలి నుంచి కనపడేది. సాయంత్రానికి ఇద్దరూ అలసిపోయేవారు. వర్షాకాలం గడిచింది, కోతలు వచ్చాయి. అన్నం కుండలు కాలువలో పడటం తగ్గింది. పాపాయమ్మ ముఖాన మళ్ళీ కాస్త నవ్వు కనిపించింది. మహాలక్ష్మమ్మ కూడా ఓవర్సీరు మాట ఎత్తడం మానేసింది.

కోతలు అయ్యాక ఎండుగడ్డి పడవలు మొదలవుతాయి. ఈ సంగతి రాముడికి తెలియనిదా? ఏటా చూసేదే. కాని మనిషి అన్నీ ఆలోచించి ఒక్కటి మరిచిపోతాడు. ఆ ఒక్కటే పీకకి చుట్టుకుంటుంది.

ఆ ఏటి మొదటి గడ్డి పడవ చిట్టియ్యది. కాకినాడ వెళుతోంది. చిట్టియ్య ఏడాదిలో సగం రోజులు ఈ కాలువ మీదే ఉంటాడు. ఆదివారం ఎక్కడుంటే అక్కడ పడవ కట్టేసి, దగ్గర్లో ఉన్న చర్చికి నడిచి వెళ్ళి ప్రార్థన చేసుకుని వచ్చే మనిషి. గడ్డి ఇంటెత్తున పేర్చి ఉంది. తొట్టిలోకి రాగానే ఈ గట్టుకి ఆ గట్టు మరుగైపోయింది. ఎగువ తలుపులు మూశారు. చిట్టియ్య పడవ అంచున మోకాళ్ళ మీద కూర్చుని, గోడకి తగలకుండా చేత్తో తోసిపట్టుకున్నాడు. రాముడు వంగి మోకుని గట్టు మీది రాయికి కడుతున్నాడు. ఇంకా కేక వేయలేదు.

అవతల పల్లంరాజుకి కేక వినపడింది. ఎర్రగుడ్డ కోసం చూశాడు. గడ్డి తప్ప ఏమీ కనపడలేదు.

"రాముడూ, పిలిచావా?" అని అడిగాడు. ఆ మాట గడ్డిలోనే ఆగిపోయింది, రాముడికి చేరలేదు. కాని పల్లంరాజుకి జవాబు వచ్చింది. పిలిచానురా, ఎత్తు, అంది రాముడి గొంతు.

చక్రం గిర్రున తిరిగింది. పడవ ఒక్క ఊపున తూలి గోడకి కొట్టుకుంది. చిట్టియ్య చెయ్యి తీసుకునే లోపలే పడవకీ గోడకీ మధ్య పడింది. ఆ తర్వాత వినపడిన కేక మాత్రం రెండు గట్ల మీదా అందరికీ వినపడింది.

కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి. పసుపు అద్ది, గుడ్డ చుట్టి, బండి మీద అతన్ని రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మర్నాడు పొద్దున్నే ఓవర్సీరు చంద్రరావు గారు గుర్రం మీద వస్తున్నారని కబురు వచ్చింది.

ఆయన వచ్చే ముందు పాపాయమ్మ రాముడి గుమ్మంలో నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నయ్యా, ఆయన కేక లేకుండా ఎత్తాడని తేలితే ఇవాళే పంపేస్తారు. నువ్వు పిలిచానని ఒక్క మాట అను. పొరపాటున ముందు పిలిచానని అను. నీకు చివాట్లతో పోతుంది. ఆయనకి అలా పోదు."

మహాలక్ష్మమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది: "చిట్టియ్య చెయ్యి మాటేంటి? ఆ పాపం ఈయన మోయాలా?"

"మోయమనే అడుగుతున్నానమ్మా" అంది పాపాయమ్మ. "ఇంకెవరిని అడగను?"

ఎక్కడికీ పంపనని గోడ మీద కూర్చుని తను ఇచ్చిన మాట రాముడికి గుర్తుకొచ్చింది. దానికి ముందు అన్న మాట కూడా గుర్తుకొచ్చింది, నీతో ఎప్పుడైనా అబద్ధమాడానా అని. అయితే ఈ అబద్ధం పల్లంరాజుతో కాదు, ఓవర్సీరుతో. తర్వాత వాడికి విడమరిచి చెప్పుకోవచ్చు అనుకున్నాడు.

చంద్రరావు గారు చెడ్డ మనిషి కాదు. గట్టు మీద కుర్చీ వేయించుకుని, ఇద్దరినీ ఎదుట నిలబెట్టి, నెమ్మదిగానే అడిగారు.

"పల్లంరాజూ, కేక పడకుండా ఎందుకు ఎత్తావు?"

"పడిందండి. నాకు వినపడిందండి" అన్నాడు పల్లంరాజు. అని, రాముడి వంక చూశాడు. అతని కళ్ళలో ఉన్నది బతిమాలడం కాదు. అతనికి నిజంగా తెలుసుకోవాలని ఉంది. రోజూ చక్రం దగ్గర నిలబడి ఎర్రగుడ్డ కోసం చూసే చూపే అది.

"ఏమయ్యా రాముడూ, నువ్వు పిలిచావా?"

"పిలిచానండి" అన్నాడు రాముడు. "మోకు కట్టడం అవకుండానే పిలిచాను. తప్పు నాదేనండి."

పల్లంరాజు పెద్దగా ఊపిరి వదిలాడు. అతని ముఖం తేటపడింది. అంత తేటగా ఆ ముఖాన్ని రాముడు ఏడాదిగా చూడలేదు. చూశాకే, తను ఏం చేశాడో అతనికి అర్థమైంది.

చివాట్లు పడ్డాయి, పెద్ద లస్కరు అన్న పేరు పోయింది. అవేవీ రాముడు పట్టించుకోలేదు. చంద్రరావు గారి గుర్రం మలుపు తిరగ్గానే పలక మీదుగా అవతలికి పరిగెత్తాడు.

"ఒరే, నేను పిలవలేదురా. నీ పని పోకూడదని అలా అన్నాను. గుడ్డ లేకపోతే నేను కాదు. అదే మాట మీద ఉండు."

పల్లంరాజు నవ్వాడు. కోపం కూడా లేదు ఆ నవ్వులో.

"అయ్యగారి ఎదుట అబద్ధమాడతావా నువ్వు? లేదు. అక్కడ నిజం చెప్పి ఇక్కడ ఆడుతున్నావు. ఎందుకురా? ఇన్నాళ్ళూ నువ్వు పిలుస్తూనే ఉన్నావు. గుడ్డ ఊపకుండా నాకు పిచ్చని నన్నే నమ్మించావు. చెవులు నాకు బాగానే ఉన్నాయి."

"మహాలక్ష్మి మీద ఒట్టు."

"వదిన మీద ఒట్టు పెట్టకు" అన్నాడు పల్లంరాజు. "ఆవిడేం చేసింది."

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టే అయింది ఆ తర్వాత. తనకి నయమైందని ఊరంతా చెప్పుకున్నాడు. తాయెత్తు తెంపేశాడు. రాముడు తూర్పు గట్టున ఎర్రగుడ్డ ఊపి ఊపి చెయ్యి పడిపోయేది, అతను అటు చూసేవాడు కాదు. వినపడినప్పుడల్లా ఎత్తాడు, వినపడకపోతే ఎంత పిలిచినా ఎత్తలేదు. అతని కన్నుగప్పి రాముడు చక్రం పిడి ఊడదీసి దాచాడు. పల్లంరాజు వచ్చి, రాముడి ఇల్లంతా వెతికి, అడ్డం వచ్చిన మహాలక్ష్మమ్మని ఒక్క తోపు తోశాడు. వదినా అని పిలిచి, ఎదుట కూర్చుని పులుసు తిన్న మనిషి. ఆవిడ గోడకి తల తగిలి కూలబడితే, ఆమె వంక చూడకుండా పిడి పట్టుకుని వెళ్ళిపోయాడు.

"నాకేం కాలేదండి" అంది మహాలక్ష్మమ్మ, నెత్తురు తుడుచుకుంటూ. "ఆయనకి తెలీదు, నేనెవరో కూడా తెలీలేదు. కళ్ళు అలా లేవు." ఓవర్సీరుకి చెప్పమని ఈసారి ఆమె అనలేదు. అనకపోవడమే రాముడికి భరించరానిదయింది.

ఆ లోపల చిట్టియ్య రాజమండ్రి నుంచి తిరిగి వచ్చాడు. తమ్ముడి పడవలో ఊరికే కూర్చుని లాకు దాటుతూ, చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రాముడి వంక చూశాడు.

"నిన్ను క్షమించమని ప్రార్థన చేసుకుంటున్నాను రాముడూ" అన్నాడు. "ఇంకా కుదరడం లేదు."

రాముడికి అసలు సంగతి నోటి చివర దాకా వచ్చింది. మింగేశాడు.

తర్వాత కొన్నాళ్ళకి ఒక పొద్దున తూములన్నీ లేచి ఉన్నాయి, ఎగువా దిగువా కూడా. కాలువ నీళ్ళు ఏరులా పోతున్నాయి. రెండో పంటకి దాళ్వా నాట్లు వేసుకున్న రైతులు కర్రలతో వచ్చారు. వాళ్ళు వచ్చేసరికి పల్లంరాజు తలుపుల పలక మీద నిలబడి, ఎవరితోనో మాట్లాడుతూ, ఎత్తు ఎత్తు అంటూ నవ్వుతున్నాడు. కాళ్ళ కింద నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. రాముడు వెళ్ళి నడుం పట్టుకుని గట్టుకి లాక్కొచ్చాడు. రైతులు అతన్ని పడవలు కట్టే రాయికి కట్టేశారు. కట్టొద్దని రాముడు ఒక్క మాట కూడా అనలేకపోయాడు. తూములు దింపి, తలగుడ్డ చుట్టుకుని, కాలువ గట్టు వెంట ఓవర్సీరు గారి బంగళాకి నడిచాడు.

"ఆవేళ నేను పిలవలేదండి" అని చెప్పాడు. అంతా చెప్పాడు. 

"ఈ ముక్క అప్పుడే చెప్పి ఉండాల్సింది" అన్నారు చంద్రరావు గారు.

"అవునండి" అన్నాడు రాముడు.

కాకినాడ దాకా పడవ, అక్కడి నుంచి స్టీమరు మీద విశాఖపట్నం. పడవ ఎగువ నుంచి వచ్చింది. పల్లంరాజుని ఎక్కించుకుని తొట్టిలోకి చేరింది. ఇద్దరు బంట్రోతుల మధ్య, శుభ్రమైన పంచె కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పంచె పాపాయమ్మ పొద్దున్నే ఉతికి ఆరేసి కట్టించింది. ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. ఏడవడం అయిపోయింది, ఊరికే చూస్తోంది. పడమటి గట్టున చక్రం దగ్గర కొత్తగా వచ్చిన లోవరాజు నిలబడ్డాడు. పని తెలిసినవాడే.

ఎగువ తలుపులు మూశారు. ఇక కేక వేయాలి. రాముడు ఎర్రగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు.  అందరూ తన కోసమే చూస్తున్నారు. కళ్ళు మూసుకుని, అలవాటు కొద్దీ, గట్టు అదిరేలా పిలిచాడు.

"పల్లంరాజూ, ఎత్తనా?"

లోవరాజు ఏం చేయాలో తెలియక చక్రం మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు. పడవలో పల్లంరాజు తల తిప్పలేదు. నీళ్ళ వంకే చూస్తున్నాడు.

రాముడు గోడ అంచుకి వచ్చి వంగాడు. "నిన్నేరా. నేనే పిలిచాను. ఇటు చూడు, గుడ్డ కూడా ఉంది."

పల్లంరాజు తల ఎత్తి గుడ్డ చూశాడు, రాముడి ముఖం చూశాడు. చాలా అలసిపోయి ఉన్నాడు.

"నువ్వు అలాగే అంటావులే" అన్నాడు.

 రాముడు లేచి, లోవరాజు కేసి తిరిగి, ఎత్తనా అని మళ్ళీ పిలిచాడు. ఎత్తండి అన్నాడు లోవరాజు. ఇద్దరూ చక్రాలు తిప్పారు. నీళ్ళు సమంగా దిగాయి, పడవ గోడకి తగలకుండా దిగింది. పల్లంరాజు తల గట్టు కిందికి దిగిపోయేదాకా పాపాయమ్మ చూసి, లేచి లోపలికి వెళ్ళి, ఇల్లు ఖాళీ చేయడానికి సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది.